గర్భిణి కన్నీరు ఎవరి బాధ్యత?



మూడు సంవత్సరముల క్రితము కోతల కాలములో మేము ఒక గ్రామములో గృహ దర్శనములు చేయుచుండగా జరిగిన సంగతి ఇది. ఒక ఇంటిలో ఏడవ నెల గర్భముతో ఉన్న కోడలు మాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, గడప ప్రక్కన నిలువబడి కొంగుతో కళ్లు తుడుచుకొనుచున్నది. మేము చూచి, "అమ్మా, కడుపుతో ఉన్నప్పుడు ఏడవకూడదు. నువ్వు ఏడిస్తే లోపలి బిడ్డకు మంచిది కాదు" అని చెప్పి, ప్రార్థన చేసి వచ్చేశాము. మంచి మాటే చెప్పామని అనుకున్నాము.

పదిహేను దినముల తరువాత మా సతీమణి స్త్రీల కూడిక కొరకు ఆ గ్రామము వెళ్లినప్పుడు ఆ బిడ్డ ఆమెతో ఇలాగు చెప్పుకొన్నది. "అమ్మగారూ, మా ఆయన తాగొచ్చి అప్పులవాళ్ల మీద కోపమంతా నా మీద తీర్చుకుంటాడు. ఈసారి కూడా ఆడపిల్లయితే పుట్టింటికి పొమ్మంటుంది మా అత్తమ్మ. రాత్రుళ్లు నిద్ర పట్టదు. అయ్యగారు ఆ మాట చెప్పిన కాడినుంచి, నా ఏడుపు వల్ల బిడ్డకు ఏమవుతుందోనని ఇంకా భయమేస్తుంది."

ఈ మాట విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆమె తలమీద అప్పటికే మూడు మూటలు ఉండగా, నాలుగవ మూట మేమే ఎత్తిపెట్టి వచ్చాము. తరువాత తెలిసిన వైద్యులను అడిగి, ఈ విషయములో జరిగిన పరిశోధనలను గూర్చి తెలిసికొన్నాము. మేము చెప్పినది పూర్తిగా అబద్ధము కాదు. అయితే చెప్పవలసిన మనుష్యులను విడిచిపెట్టి, చెప్పకూడని మనిషికి చెప్పాము. అందుచేత ఈ నెల ఈ పేజీని గర్భిణుల కొరకు కాక, వారి చుట్టూ ఉన్న మన అందరి కొరకు వ్రాయుచున్నాము.

పరిశోధనలు ఏమి చెప్పుచున్నవి?

తల్లి మనస్సులోని కలత గర్భముమీద పనిచేయునని మన పెద్దలకు తెలియనిది కాదు. మొదటి సమూయేలు గ్రంథము నాలుగవ అధ్యాయములో ఫీనెహాసు భార్య సంగతి చదువుచున్నాము. నిండు గర్భిణియైన ఆమె మందసము పట్టబడెననియు, మామయు పెనిమిటియు చనిపోయిరనియు వినగానే నొప్పులు వచ్చి ప్రసవించి మరణించెను. అయితే ఈ సంగతిని లెక్కలతో పరిశీలించుట గత కొన్ని దశాబ్దములలోనే విస్తారముగా జరిగినది.

ఇంగ్లండు దేశములో బ్రిస్టల్ పట్టణ ప్రాంతమున 1991లో సుమారు 14,000 మంది గర్భిణులతో ఒక గొప్ప పరిశోధన ఆరంభమైనది. ఆ తల్లులను, వారికి పుట్టిన పిల్లలను సంవత్సరముల తరబడి గమనించుచు వచ్చారు. గర్భము చివరి నెలలలో మిక్కిలి ఆందోళనపడిన తల్లుల పిల్లలలో, నాలుగేళ్ల వయస్సు వచ్చేసరికి, నిలకడలేనితనము, భయము వంటి ఇబ్బందులు ఇతర పిల్లలకంటె సుమారు రెట్టింపు కనబడినవని 2002లో ప్రకటించారు. రెట్టింపు అన్న మాట విని బెదరవద్దు. అంతగా ఆందోళనపడిన తల్లుల పిల్లలలో కూడ ఎక్కువమంది ఏ ఇబ్బందియు లేక చక్కగానే పెరిగారు.

"తల్లి పిరికిది గనుక బిడ్డకును ఆ స్వభావము వచ్చింది, అంతే గదా?" అని ఎవరైన అడుగవచ్చును. దీనికి కెనడా దేశములో ఒక జవాబు దొరికినది. 1998 జనవరిలో క్విబెక్ ప్రాంతమున మంచువాన కురిసి, కరెంటు స్తంభములు విరిగిపడి, ముప్పది లక్షలమందికి పైగా చీకటిలో, గడ్డకట్టే చలిలో ఉండిపోయారు. కొందరికి వారముల తరబడి కరెంటు రాలేదు. సుజాన్ కింగ్ అను పరిశోధకురాలు, ఆమె తోటివారు, అప్పుడు గర్భముతో ఉన్న స్త్రీల పిల్లలను ఏండ్ల తరబడి పరిశీలించారు. ఎక్కువ కష్టములు అనుభవించిన తల్లుల పిల్లలు రెండేళ్లకును, అయిదున్నర ఏళ్లకును మాటలలోను, తెలివి పరీక్షలలోను కొంత వెనుకబడినట్లు కనుగొన్నారు. తుపాను తల్లి స్వభావము చూచి రాదు. ధైర్యముగల ఆమె ఇంటిమీదను, పిరికి ఆమె ఇంటిమీదను ఒకే విధముగా పడును. ఆ మంచు కురియుట ఆ తల్లుల తప్పు కాదు. మన పల్లెలో త్రాగుబోతు భర్త, అప్పులవాడు, సూటిపోటి మాటలు కూడ ఒక గర్భిణిమీద కురియు మంచువానయే. అది ఆమె తప్పు ఎట్లగును?

లోపల జరుగునది ఏమి?

కలత కలిగినప్పుడు మన శరీరములో కార్టిసాల్ అను హార్మోను పెరుగును. అది అందరికిని అవసరమే. గర్భములో ఎదుగు బిడ్డకు కూడ కొంత కావలెను. దేవుడు మాయలో ఒక కాపలాదారుని పెట్టాడు. మాయలోని ఒక ఎంజైము తల్లి నుండి వచ్చు కార్టిసాల్‌లో ఎక్కువ భాగమును పనిచేయని పదార్థముగా మార్చి, బిడ్డను కాపాడుచుండును. కలత నెలల తరబడి సాగినయెడల ఈ కాపలా బలహీనపడవచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మరియు దిగులుతో ఉన్న స్త్రీ సరిగా తినదు, నిద్రపోదు, పరీక్షలకు ఆసుపత్రికి వెళ్లదు. నెలలు నిండకముందే కాన్పు, తక్కువ బరువుతో బిడ్డ పుట్టుట ఇటువంటివారిలో కొంత ఎక్కువని అనేక పరిశోధనలలో కనబడినది. కాబట్టి ఒకనాటి ఏడుపు, ఒకనాటి కోపము బిడ్డకు హాని కాదు. ఆగకుండ సాగుచున్న కలతనే మనము తీసివేయవలెను.

మన చుట్టుప్రక్కల మాట

మన క్రైస్తవులకు బాగుగా తెలిసిన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు తమిళనాడు పల్లెలలో చేసిన పరిశోధన 2002లో వెలువడినది. కాన్పు తరువాత నూటికి 11 మంది తల్లులు మానసికమైన క్రుంగుదలకు క్రొత్తగా లోనైనట్లు కనుగొన్నారు. కారణములు ఏవనగా, తక్కువ ఆదాయము, మగబిడ్డను కోరగా ఆడబిడ్డ పుట్టుట, అత్తతోను తల్లిదండ్రులతోను పొత్తు కుదరకపోవుట, గర్భముతో ఉన్నప్పుడు వచ్చిన ఆపదలు, పనిలో సాయము లేకపోవుట. ఈ పట్టీ చదివినప్పుడు మాకు ఆ గడప ప్రక్కన నిలువబడిన బిడ్డ ముఖమే కనబడినది.

నిరీక్షణ కలిగించు సంగతి కూడ ఒకటి ఉన్నది. పాకిస్తాన్ దేశములో రావల్పిండి ప్రాంతపు పల్లెలలో, గర్భము చివరి నెలలలో క్రుంగియున్న సుమారు 900 మంది స్త్రీలతో ఒక ప్రయత్నము జరిగినది. పెద్ద చదువులు లేని గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, సగముమంది ఇండ్లకు పంపారు. వారు కూర్చుండి ఆమె మాట వినిరి, ఇంటివారితో కలిసి మాటలాడిరి, తిండి, విశ్రాంతి, బిడ్డ సంగతులు ఆలోచించిరి. మిగిలిన సగముమంది ఇండ్లకును కార్యకర్తలు వెళ్లారు గాని ఈ శిక్షణ పొందినవారు కారు. 2008లో ప్రకటించిన ఫలితమేమనగా, బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి రెండవ గుంపులో నూటికి 53 మంది ఇంకను క్రుంగుదలలో ఉండగా, మొదటి గుంపులో 23 మంది మాత్రమే ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఈ పద్ధతిని ఇతర దేశములకు పుస్తకముగా ఇచ్చినది. ఇంత మేలు చేసినది ఖరీదైన మందు కాదు, వినుట నేర్చుకొన్న పొరుగు స్త్రీ.

మనము చేయవలసినవి

భర్తలారా, గర్భములోని బిడ్డ ఆడయో మగయో నిర్ణయించునది తండ్రి నుండి వచ్చు బీజకణము. ఆ మాట పట్టుకొని భార్యను నిందించువాడు తన్ను తానే నిందించుకొనుచున్నాడు. నీళ్ల బిందె, కట్టెల మోపు మీరు ఎత్తండి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగును. మీరే వెంటబెట్టుకొని వెళ్లండి.

అత్తలారా, మీరును ఒకప్పుడు కోడళ్లే. మధ్యాహ్నము ఒక గంట ఆమెను పండుకొననివ్వండి.

సంఘ పెద్దలారా, రెండు వారములకు పైగా దిగులు, నిద్రలేమి, అన్నము సయించకపోవుట, చావవలెనను తలంపు ఉన్నయెడల అది అవిశ్వాసము కాదు, వైద్యము కావలసిన స్థితి. ప్రార్థన చేయండి, ఆశా కార్యకర్తకు చెప్పి డాక్టరు యొద్దకు పంపండి. 2022లో ఆరంభమైన టెలి మానస్ వారి 14416 నంబరుకు ఫోను చేస్తే ఉచితముగా తెలుగులో మాటలాడుదురు. ఇంటిలో కొట్టుచున్నయెడల 181 నంబరు ఉన్నది. వాడుచున్న మందులు డాక్టరు చెప్పక మాన్పించవద్దు.

మేము మరల ఆ ఇంటికి వెళ్లాము. ఈసారి కోడలికి బోధ చేయలేదు. భర్తతో అరుగుమీద కూర్చుండి అప్పు లెక్క విన్నాము. మా సతీమణి అత్తగారితో మాటలాడినది. నలుగురు సహోదరీలు వంతులు వేసికొని వారమునకు ఒకరు చొప్పున వెళ్లి కూర్చున్నారు. నెలలు నిండి ఆడపిల్లయే పుట్టినది. ఆ భర్త త్రాగుడు పూర్తిగా మానెనని చెప్పలేము, అప్పు ఇంకను ఉన్నది. అయితే ఆ పాప ఇప్పుడు నాయనమ్మ చంకనెక్కి ఆరాధనకు వచ్చుచున్నది. పుట్టింటికి పొమ్మన్న మాట తరువాత ఎవరును అనలేదు.

గర్భవతియైన మరియ కొండ ప్రాంతమునకు వెళ్లినప్పుడు ఎలీసబెతు ఆమెను విచారణ చేయలేదు, సంతోషముతో చేర్చుకొన్నది. మరియ సుమారు మూడు నెలలు ఆ ఇంట ఉన్నది. అటువంటి ఇల్లు ప్రతి గ్రామములో ఒకటైన ఉండవలెను. ఈ నెల మీ వీధిలో ఒక గర్భిణి ఎదురైనయెడల, "ఏడవకూడదమ్మా" అనవద్దు. "నిద్ర పడుతుందా తల్లీ? అన్నం తింటున్నావా? నీకు తోడు ఎవరున్నారు?" అని అడిగి, ఆమె చెప్పువరకు కూర్చోండి.