పరీక్ష పాసైన తర్వాతి ఏడాది

ఏటా ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన వారం పది రోజుల్లో మా ల్యాబ్ కిటికీ దగ్గరకు కొన్ని కుటుంబాలు వస్తాయి. వారి బిడ్డ వొకేషనల్‌లో ఎం.ఎల్.టి. గ్రూపు పాసై ఉంటుంది. "సారూ, మా బిడ్డ ల్యాబ్ టెక్నీషియన్ అయింది, మీ దగ్గర ఏదన్న నౌకరి ఉంటే చూడుండ్రి" అని అడుగుతారు. ఇంకా కాలేదమ్మా, ఇంకొక ఏడాది ఉంది అని చెబుతాము. చాలామంది ముఖాలు చిన్నబోతాయి. కొందరు మాత్రం గొంతు తగ్గించి ఇంకో మాట అడుగుతారు. "ఆ ఏడాది చేసినట్టు కాగితం ఇస్తరా సారూ? ఎల్లారెడ్డి నుంచి రోజూ పంపుడు మాతోని కాదు."

ఈ సంచికలో మేము మాట్లాడదలచినది ఆ కాగితం గురించే. అడిగేవారిని తప్పుపట్టడానికి కాదు. బస్సు చార్జీలు, ఆడపిల్ల ఒంటరి ప్రయాణం, ఇంట్లో ఒక సంపాదన ఆలస్యం కావడం, ఇవన్నీ నిజమైన కష్టాలే. కానీ ఆ ఏడాదిని కాగితం మీద మాత్రమే పూర్తి చేయడమంటే దాని నష్టాన్ని తీసుకెళ్ళి ముక్కూ మొహం తెలియని రోగి నెత్తిన పెట్టడమే అని మా గట్టి అభిప్రాయం. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాము.

ముందుగా దారి సంగతి. మన రాష్ట్రంలో పదవ తరగతి తర్వాత ఇంటర్ వొకేషనల్‌లో రెండేళ్ళు ఎం.ఎల్.టి. చదివి, ఆ పైన ఆసుపత్రిలో ఒక ఏడాది అప్రెంటిస్‌షిప్ చేసి రావచ్చు. ఇంటర్ అయ్యాక డి.ఎం.ఎల్.టి. డిప్లొమా చేయవచ్చు. బి.ఎస్సీ. ఎం.ఎల్.టి. డిగ్రీ కూడా ఉంది. ఏ దారిన వచ్చినా చివరికి తెలంగాణ పారామెడికల్ బోర్డులో పేరు నమోదు చేయించుకోవాలి. 2024 సెప్టెంబరులో ప్రభుత్వం 1,284 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు ఇంటర్ వొకేషనల్ పిల్లలను కూడా అర్హులుగానే లెక్కించింది. అయితే ఏడాది శిక్షణ, బోర్డు రిజిస్ట్రేషన్ రెండూ ఉండాలన్నది. అందుకే ఆ కాగితానికి అంత గిరాకీ.

ఇక ఆ ఏడాదిలో ఏముంది? రోగులకు కనిపించేది సూది గుచ్చడం ఒక్కటే. అసలు పని కిటికీ లోపలి వైపున జరుగుతుంది.

తెమడ పరీక్షనే తీసుకోండి. రెండు వారాలు దాటిన దగ్గుతో ఒక బీడీ కార్మికురాలు వచ్చిందనుకుందాం. ఆమె తెమడను గాజు పలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూస్తారు. క్షయ క్రిములు లేవు అని రాయాలంటే కనీసం 100 ఫీల్డులు, అంటే ఆ పలక మీద వంద చోట్ల, వరుసగా చూసి ఉండాలన్నది నియమం. దానికి అయిదు నిమిషాలకు తక్కువ పట్టదు. ఇరవై చోట్ల చూసి లేచిపోయినా పక్కనున్న వారికి తెలియదు, రోగికి అసలే తెలియదు. ప్రభుత్వ క్షయ కార్యక్రమంలో కొన్ని పలకలను ఇంకొకరి చేత మళ్ళీ చూపించే పద్ధతి ఉంది గానీ అన్ని పలకలనూ చూపించరు. ఇరవై పలకలు చూసి కళ్ళు లాగుతున్న మధ్యాహ్నం వేళ ఇరవై ఒకటో పలకకు కూడా వంద చోట్లా చూడడం ఏ తరగతి గదిలోనూ రాదు. పక్కన ఒక పెద్ద టెక్నీషియన్ కూర్చుని, "చూసింది చాలలేదు, మళ్ళీ పెట్టు" అని నెలల తరబడి అంటూ ఉంటే వస్తుంది. ఇప్పుడు ట్రూనాట్, సీబీనాట్ యంత్రాలు వచ్చాయి, మంచిదే. కానీ డబ్బాలో తెమడకు బదులు ఉమ్మి ఉంటే ఏ యంత్రమూ ఏమీ చేయలేదు. ఆ తేడా కనిపెట్టి, "అమ్మా, లోపలి నుంచి దగ్గి తియ్యాలె" అని రోగితో చెప్పి మళ్ళీ తెప్పించడం కూడా శిక్షణలో భాగమే.

చక్కెర పరీక్ష సంగతి ఇంకా మన దగ్గరి ఉదాహరణ. ఎల్లారెడ్డిలోనో గాంధారిలోనో ఉదయం ఏడు గంటలకు పరగడుపున రక్తం తీసి, బస్సులో కామారెడ్డికి పంపారనుకోండి. అది ఇక్కడ ల్యాబ్‌లో యంత్రానికి ఎక్కేసరికి పది అవుతుంది. ట్యూబులోని రక్తకణాలు బతికే ఉంటాయి, అవి చక్కెరను తింటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో అలాగే వదిలేస్తే గంటకు నూటికి 5 నుంచి 7 వంతుల చొప్పున చక్కెర తగ్గిపోతుంది. ఉదయం 136 ఉన్న మనిషికి 110, 115 దరిదాపుల్లో రిపోర్టు వస్తుంది. పరగడుపున 126 దాటితేనే షుగరు వ్యాధి అంటారు కనుక ఆయన నిశ్చింతగా ఇంటికి వెళ్ళిపోతాడు. ఫ్లోరైడ్ ఉన్న బూడిద రంగు మూత ట్యూబు వాడడం, వీలైనంత త్వరగా రక్తకణాలను వేరు చేయడం దీనికి మందు. ఫ్లోరైడ్ కూడా మొదటి గంటలో పూర్తిగా ఆపలేదు కాబట్టి ఆలస్యం ఎంత తగ్గితే అంత మేలు. ఈ విషయం పుస్తకంలో ఉంది, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా కూడా వస్తుంది. అయినా ట్యూబు మీద రక్తం తీసిన టైము రాసే అలవాటు ఎంతమందికి ఉందో ఏ సెంటరుకైనా వెళ్ళి చూడండి.

ఒకసారి ఒక కుటుంబం వేరేచోట చేయించిన రిపోర్టు పట్టుకొని మా దగ్గరకు పరుగున వచ్చింది. ఏ ల్యాబో చెప్పము, అవసరం లేదు. రక్తంలో పొటాషియం గుండె ఆగిపోయేంత ఎక్కువ, కాల్షియం దారుణంగా తక్కువ. మనిషి మాత్రం కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. మళ్ళీ రక్తం తీసి చూస్తే రెండూ సరిగ్గానే ఉన్నాయి. సీరం చాలక, ఊదా రంగు మూత ట్యూబులోని రక్తాన్ని ఇందులో కలిపి ఉంటారని మా వాళ్ళు వెంటనే ఊహించారు. ఆ ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఇ.డి.టి.ఎ. ఉప్పులో పొటాషియం ఉంటుంది, అది కాల్షియాన్ని పట్టి బంధిస్తుంది కూడా. కాబట్టి ఈ రెండు అంకెలూ ఒకేసారి అలా తారుమారైతే అనుభవం ఉన్నవారు రిపోర్టు ఇవ్వరు, ముందు ట్యూబును అనుమానిస్తారు. యంత్రం తన పని తాను సరిగ్గానే చేసింది, ఏది పోస్తే దాన్నే కొలిచింది. ఆ కుటుంబం రాత్రికి రాత్రి హైదరాబాదుకు అంబులెన్సు మాట్లాడుకుంది. అప్పు తీసుకున్నారు. ఆ డబ్బు ఎవరు తిరిగి ఇస్తారు?

రక్తపు గ్రూపుల విషయానికి వస్తే ఇంకా భయం. కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో గ్రూపులు కనిపెట్టి నూట ఇరవై ఏళ్ళు దాటింది. గ్రూపు చూడడం ఇప్పుడు కష్టమైన పరీక్ష కాదు. ప్రమాదమల్లా ఒకరి ట్యూబు మీద ఇంకొకరి పేరు అంటించడంలో ఉంది. మన ఊళ్ళలో ఒకే వార్డులో ఇద్దరు లక్ష్ములు, ముగ్గురు సాయిలులు ఉండడం వింతేమీ కాదు. "నువ్వు లక్ష్మివేనా?" అని అడిగితే నొప్పులతో ఉన్న తల్లి దేనికైనా ఊ కొడుతుంది. "నీ పేరేందమ్మా, మీ ఆయన పేరేంది, ఏ ఊరు?" అని ఆమె నోటితోనే చెప్పించుకోవాలి, అక్కడే మంచం పక్కనే ట్యూబు మీద రాయాలి. ఇది వందసార్లు చేస్తే గానీ చేతికి పట్టదు.

పారామెడికల్ బోర్డులు, రిజిస్ట్రేషన్లు లేని రోజుల నుంచీ మిషన్ ఆసుపత్రులలో పిల్లలు ఇలాగే నేర్చుకున్నారు. మన పక్కనే డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో మొదలుపెట్టిన కుష్ఠు ఆసుపత్రి మన పెద్దలకు బాగా తెలుసు. చెవి తమ్మె నుంచి తీసిన చిన్న నమూనాలో కుష్ఠు క్రిమి ఉందో లేదో చెప్పే కన్ను పుస్తకం చదివితే రాదు. మైక్రోస్కోపు దగ్గర పక్కన కూర్చోబెట్టుకొని నేర్పితేనే వస్తుంది.

దీనికి కొందరు చదువుకున్నవారు ఒక ఎదురు ప్రశ్న వేస్తారు. మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు గారికి మద్రాసులో ఎం.బి.బి.ఎస్. ఇవ్వకుండా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చారు కదా, ఖద్దరు కట్టాడని ఆచార్యునికి కోపం వచ్చింది కదా, అయినా ఆయన అంతటివాడు కాలేదా, కాగితానిదేముంది అని. నిజమే. ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో ప్రకటించిన భాస్వరం కొలిచే పద్ధతిని ల్యాబ్ విద్యార్థులు నేటికీ ఆయన పేరుతోనే చదువుతారు. కానీ సుబ్బారావు గారికి తక్కువైనది కాగితమే, పని కాదు. ప్రయోగశాలలో ఆయన గడిపిన రాత్రులకు లెక్కలేదు. ఇక్కడ మనం మాట్లాడుతున్నది అందుకు తలకిందులైన సంగతి.

ఈ తప్పంతా పిల్లల మీదా తల్లిదండ్రుల మీదా వేయడం న్యాయం కాదు. శిక్షణ పేరుతో పిల్లలను ఉచిత కూలీలుగా వాడుకునే చోట్లు ఉన్నాయి. ఏడాదంతా రక్తం తీయడం, సీసాలు కడగడం తప్ప మైక్రోస్కోపు ముట్టనివ్వరు. లేదా మూడో నెలలోనే రాత్రి డ్యూటీ ఒక్కరికే అప్పగించి పెద్దవారు ఇంటికి పోతారు. అలాంటి చోట ఏడాది నిజంగా గడిపినా ఆ బిడ్డకు వచ్చేది తక్కువే. శిక్షణకు తీసుకునే ప్రతి ఆసుపత్రీ ఏ నెలలో ఏ విభాగం నేర్పింది, ఎన్ని పలకలు చూపించింది, ఎవరు పక్కన ఉన్నారు అన్నది పుస్తకంలో రాసి, ఆ పుస్తకం చూసిన తర్వాతే సంతకం పెట్టాలి. ఈ మాట మాకూ వర్తిస్తుంది, తల్లిదండ్రులు మమ్మల్ని కూడా ఆ పుస్తకం చూపించమని అడగవచ్చు.

రోగులకు కూడా ఒక మనవి. కొత్త పిల్ల సిరంజి పట్టుకొని రాగానే "ఈ పోరితోని వద్దు, పెద్దసారును పిలువుండ్రి" అని చేయి వెనక్కి లాక్కుంటారు. మీ భయం మాకు అర్థమవుతుంది. పసిపిల్లలకు, నరం దొరకని వృద్ధులకు, బాగా నీరసించినవారికి శిక్షణలో ఉన్నవారి చేత రక్తం తీయించకూడదు. మిగతావారు మాత్రం ఒక్కసారి చేయి ఇవ్వండి. పక్కన పెద్దవారు నిలబడి ఉన్నారా అని చూసుకోండి. ఒకసారి గుచ్చి దొరకకపోతే రెండోసారి వద్దనే హక్కు మీకు ఉంది, అప్పుడు ఆ బిడ్డను తిట్టకుండా పెద్దవారిని అడగండి. ఈ రోజు కామారెడ్డిలో మీ చేతి మీద నేర్చుకున్న పిల్లే రేపు మీ ఊరి పి.హెచ్.సి.లో మీ కోడలి రక్తం గ్రూపు చూస్తుంది.

బతుకుతెరువు లెక్కలో చూసినా దొంగ కాగితం గిట్టుబాటు కాదు. 2021లో పార్లమెంటు అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషనల్స్ చట్టం చేసింది. ల్యాబ్ వృత్తి అందులో ఉంది. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే రెండు నుంచి నాలుగేళ్ళలో కనీసం 2,000 గంటల చదువు ఉండాలని ఆ చట్టం అంటోంది, జాతీయ, రాష్ట్ర రిజిస్టర్లు ఉండాలంటోంది. అంటే లెక్క గంటల మీదికి వచ్చింది. పైగా మన ప్రాంతం నుంచి ఎంతమంది గల్ఫ్‌కు వెళ్తారో మీకు మేము చెప్పనక్కర్లేదు. సౌదీలోనో దుబాయిలోనో ల్యాబ్ ఉద్యోగానికి వెళ్ళేవారి సర్టిఫికెట్లను, ఇచ్చిన సంస్థకే రాసి నిజమా కాదా అని తేల్చుకుంటారు. ఆ పైన కంప్యూటరు మీద పరీక్ష కూడా ఉంటుంది. చేయని శిక్షణకు తెచ్చుకున్న కాగితం అక్కడ బయటపడితే ఆ ఒక్క ఉద్యోగంతో పోదు, మళ్ళీ దరఖాస్తు పెట్టుకునే దారే మూసుకుపోవచ్చు.

ఇక ఎల్లారెడ్డి, లింగంపేట, నాగిరెడ్డిపేట వైపు కుటుంబాలు చెప్పే అసలు కష్టం బస్సు. సాయంత్రం ల్యాబ్ పని ముగిసేసరికి చీకటి పడుతుంది, ఆడపిల్లను ఆ వేళ పంపడానికి ఏ తల్లికీ మనసొప్పదు. దీనికి కామారెడ్డిలోని సంఘ కుటుంబాలు కొంత చేయగలవు. ఇంట్లో ఖాళీగా ఉన్న ఒక గదిని ఇద్దరు శిక్షణ పిల్లలకు తక్కువ కిరాయికి ఇవ్వగలిగినవారు ఆదివారం ఆరాధన తర్వాత గానీ, పనిదినాలలో మధ్యాహ్నం గానీ మా ల్యాబ్‌లో పేరు చెప్పి వెళ్ళండి. గది ఎక్కడ, వంటకు వీలుందా, నీళ్ళు ఎలా అన్న వివరాలు రాసుకుంటాము. పిల్లల తల్లిదండ్రులను మేమే తీసుకువచ్చి గది చూపిస్తాము.