పాత బాణీ ఎవరిది?

కొత్త ఆటలో పాత సంగీతం వాడితే బద్ధకం అంటారు కొందరు మిత్రులు. మేం ఒప్పుకోం. 'ఫైనల్ ఫాంటసీ' ఆటలు 1987లో మొదలయ్యాయి. వాటిలో పద్నాలుగోది ఎందరో కలిసి ఆడే ఆన్‌లైన్ ఆట. 2013లో దాన్ని కొత్తగా కట్టి మళ్లీ విడుదల చేశారు. 1994 నాటి ఆరో ఆటలోని విలన్ కెఫ్కా, 2018లో ఇందులోకి వచ్చాడు. వెంట నోబువో ఉయెమాత్సు అతని కోసం కట్టిన 'డ్యాన్సింగ్ మ్యాడ్' కూడా వచ్చింది. మనిషి వస్తే అతని బాణీ రావద్దా? మన థియేటర్లో హీరో పాత ట్యూన్ మోగితే ఈలలెవరు ఆపుతారు!

కానీ మాకు ఆ పాత ఆటలు తెలియవు. హాస్టల్ గదిలో చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆ బాణీ మొదటిసారి విన్నాం. జ్ఞాపకం లేకున్నా ఒళ్లు జలదరించింది. ఆ రాత్రే 1994 నాటిది వెతుక్కుని విన్నాం.