అన్నము వడ్డించిన చోటనే ఆహారపాఠము

మీ బిడ్డ ఏడవ తరగతి చదువుచున్నచో ఒక సాయంకాలము దగ్గర కూర్చుండబెట్టుకొని, "మాంసకృత్తులు వేనిలో దొరకును?" అని అడుగుడు. పప్పులు, పాలు, గుడ్లు అని తడుముకొనకుండ చెప్పును. "ఎ విటమిను లోపించిన ఏమి వచ్చును?" అనినచో రేచీకటి అని చెప్పును. ఇంతవరకు మెచ్చుకొనవలసినదే. పిదప "ఈ దినము బడిలో ఏమి తింటివి? నీ కంచములో పప్పు ఎంత పడినది? కూర ఎందుకు వదిలివేసితివి?" అని అడిగి చూడుడు. అక్కడ మాట ఆగిపోవును. పుస్తకములోని పప్పు వేరు, కంచములోని పప్పు వేరు అన్నట్లు మన పిల్లలు పెరుగుచున్నారు.

ఆహారమును గూర్చి, ఆరోగ్యమును గూర్చి పాఠశాలలో చెప్పవలెనని అందరును ఒప్పుకొందురు. పాఠ్యపుస్తకములలో ఆ పాఠములును కలవు. ఐనను 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 సంవత్సరముల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మంది, తెలంగాణలో 57.6 మంది. ఐదేండ్ల లోపు పిల్లలలో ఈ లెక్క ఆంధ్రప్రదేశ్‌లో 63.2, తెలంగాణలో 70. ఈ స్త్రీలలో చాలమంది బడి మెట్లెక్కి వచ్చినవారే. సమతులాహారము అను ప్రశ్నకు ఐదు మార్కుల జవాబు వ్రాసినవారే. ఆ జవాబు వారి రక్తములో చేరలేదు. నేడు బడిలో నున్న ఆడపిల్ల రేపు తల్లి యగును. రక్తము చాలని తల్లికి కాన్పు గండమగును, బిడ్డ బరువు తక్కువగా పుట్టును. కావున ఈ పాఠము సరిగా చెప్పుట, చెప్పకపోవుట అనునది మార్కుల విషయము కాదు.

పొట్టకు సంబంధించిన చదువు లేకున్న ఏమగునో మన జిల్లాలే ఒకప్పుడు దేశమునకు చూపినవి. ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి అను వ్యాధి చాల కాలము పీడించెను. కాళ్ళు తిమ్మిరెక్కుట, నడక తడబడుట, గుండె బలహీనపడుట దాని లక్షణములు. మన కోస్తా ధాన్యాగారము కదా, అక్కడ తిండికి లోటేమి? లోటు తిండిలో లేదు, మరలో నున్నది. రోకటి దంపుడు తగ్గి యంత్రపు మరలు వచ్చిన పిదప పచ్చి బియ్యమును తెల్లగా పాలిష్ పట్టించి తినుట అలవాటాయెను. గింజపై పొరలోను, మొలకలోను ఉండు బి1 విటమిను తవుడుతో పోయెను. తవుడు గేదెకు పెట్టిరి. గేదె పుష్టిగా నుండెను, యజమాని కాళ్ళు పడిపోయెను! ఉప్పుడు బియ్యము తినువారికి ఈ బాధ అంతగా లేకపోయెను. ధాన్యమును ఉడికించునప్పుడు ఆ విటమిను గింజ లోపలికి దిగుటయే కారణము. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు మూలము కూడ ఈ వ్యాధియే. 1918లో కూనూరులో ఒకే గదిలో బెరిబెరి పరిశోధనకై ప్రారంభమైన ఆ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు పొందినది.

ఈ కథ మన పిల్లలకు ఎవరు చెప్పుచున్నారు? బెరిబెరి అను పేరును మాత్రము బి1 ఎదుట జతపరచుట నేర్పుచున్నాము. బియ్యము నాలుగైదు నీళ్ళు కడుగుట, గంజి వార్చి పారబోయుట నేటికిని ఎన్నో ఇండ్లలో కలదు. రెండు నీళ్ళతో కడిగి, ఎసరు సరిపెట్టి అత్తెసరు వండినచో కొంతైన నిలుచునని పదేండ్ల పిల్లకు చెప్పినచో ఇంటికి వెళ్ళి తల్లితో చెప్పును. తల్లి మొదట కసరినను ఒకనాడు చేసి చూచును.

మొన్నటి ముచ్చట మరియొకటి. 2021 తరువాత చౌకబియ్యములోను, బడి బియ్యములోను ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12 కలిపిన గింజలను నూరు కిలోలకు ఒక కిలో చొప్పున దశలవారీగా కలిపి పంపిరి. పేదల మేలు కోరి చేసిన పనియే. కాని కడిగినప్పుడు ఆ గింజలు కొన్ని నీటిపై తేలినవి. రంగులోను కొంచెము తేడా కనిపించినది. వెంటనే "ప్లాస్టిక్ బియ్యము" అను పుకారు పుట్టినది. కొన్ని ఇండ్లలో ఆ గింజలనే ఏరి పారవేసిరి. మందును పారవేసి పథ్యము తిన్నట్లాయెను. ఇందు తప్పు పారవేసిన తల్లిది కాదు. ఆ గింజ ఏమిటో, ఎందుకు కలిపిరో, ఎవరికి అది పనికిరాదో ముందుగా ఆమెకు తెలియజెప్పినవారు లేరు. బడిలో ఒక్క మధ్యాహ్నము పిల్లల చేత ఆ గింజలను చేతపట్టించి చూపియున్న ఊరంతటికి తెలిసియుండెడిది.

మాత్రల సంగతియు అంతే. ఎదుగు వయసు పిల్లలకు బడిలో వారమునకు ఒకటి చొప్పున ఇచ్చు నీలిరంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉండును. పరగడుపున మ్రింగిన వికారము కలుగును. మలము నల్లగా వచ్చును. ఇది చెప్పనందున పిల్లలు భయపడి మాత్రను కిటికీలోనుండి పారవేయుచుందురు. భోజనమైన పిదప వేసుకొనవలెనని, వెంటనే టీ త్రాగిన ఇనుము ఒంటికి పట్టదని, నిమ్మరసము గాని ఉసిరి గాని తోడైన బాగుగా పట్టునని చెప్పుట పది నిమిషముల పని. ఆ పది నిమిషములలోనే మరియొక మాటయు చెప్పవచ్చును. ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసి మందుగా లోకమునకు అందించిన బృందమునకు 1940వ దశకములో నాయకత్వము వహించినవాడు 1895లో మన భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అను వ్యాధితో చనిపోయిరి. తరువాతి కాలమున ఆ వ్యాధికి ఫోలిక్ ఆమ్లమే మందైనది. ఈ సంగతి తెలిసిన పిల్లవాడు ఆ మాత్రను కిటికీలోనుండి విసరడని నా నమ్మకము.

ఇక నా అభిప్రాయము చెప్పెదను. ఆహార, ఆరోగ్య విద్యకు మరియొక పుస్తకము, మరియొక పీరియడు అక్కరలేదు. ఉపాధ్యాయుల మీద ఇప్పటికే రిజిస్టర్ల బరువు, ఫోనులో ఫోటోలు పంపు బరువు చాలినంత కలదు. మధ్యాహ్న భోజనమే పాఠము కావలెను. వంటసాల, తూనిక, చేతులు కడుగు కుళాయి, బడి పెరడు, ఇవియే పుస్తకములు.

లెక్కల పాఠమునే చూడుడు. భోజన పథకము నియమము ప్రకారము ప్రాథమిక తరగతుల పిల్లవానికి రోజునకు 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. ఆరు నుండి ఎనిమిది తరగతులవారికి 150 గ్రాముల బియ్యము, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు. చిన్నవారికి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. పెద్దవారికి 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందవలెనని లెక్క. ఏడవ తరగతి పిల్లలు ఇద్దరు ప్రతి ఉదయము వంటసాలకు వెళ్ళి, నేడు హాజరైనవారు అరవైమంది కనుక 9 కిలోల బియ్యము, 1 కిలో 800 గ్రాముల పప్పు, 4 కిలోల 500 గ్రాముల కూరగాయలు అని తామే లెక్కగట్టి, తామే తూచి, నల్లబల్లపై వ్రాసినచో ఎంత నేర్చుకొందురు! గుణకారము వచ్చును, పప్పు కొలత కంటికి తెలియును. కొలతలో కొరత ఉన్న అదియు పదిమందికి తెలియును. ఇది వంట చేయు అమ్మలను అనుమానించుట కాదు. బిల్లులు నెలల తరబడి రాక అప్పు తెచ్చి వండుచున్న అమ్మలు ఎందరో కలరు. వారి కష్టము కూడ ఆ నల్లబల్లపై కనబడును.

ఈ పనికి మగపిల్లలను తప్పక పంపవలెను. ఆహారము అనగానే గృహవిజ్ఞానము, గృహవిజ్ఞానము అనగానే ఆడపిల్లలు అను పాత అలవాటు మనకు చాల చేటు చేసినది. ఇంటిలో మగవారు, పిల్లలు తిన్న పిదప అడుగున మిగిలినది తినువారు ఆడవారు. ఆ వరుస మార్చవలసినవాడు ఎవడు? పప్పు ఎవరి కంచములో పడుచున్నదో చూడగల కన్ను మగపిల్లవానికి పదేండ్లకే రావలెను.

"చెప్పుట సులభము, ఇంటిలో లేనిది ఎట్లు తినగలరు?" అని మీరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. భూమిలేని కూలివాని బిడ్డకు పాలు త్రాగుమని పాఠము చెప్పుట పరిహాసము. అట్టి బిడ్డకు బడియే పెట్టవలెను. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి నుండి వారమునకు ఐదు గుడ్లు, 2023 మార్చి నుండి రాగిజావ ఏర్పాటు చేసినది ఇందుకే. కాని రైతు సోదరులారా, మీ ఇంటి సంగతి చెప్పుడు. రెండు పాడిగేదెలున్న ఇంటిలో పాలన్నియు కేంద్రమునకు పోవుచున్నవి. పిల్లలకు మిగిలినది టీనీళ్ళు. పెరటి కోడి గుడ్లు సంతకు పోవుచున్నవి. ఆ డబ్బులతో ఉప్పుకారము చల్లిన చిరుతిండి పొట్లములు ఇంటికి వచ్చుచున్నవి. బడి ఆవరణలోను, చుట్టు 50 మీటర్లలోను కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన తినుబండారములు అమ్మరాదని 2020లో ఆహార భద్రతా నిబంధన వచ్చినది. గేటు ఎదుటి దుకాణమునకు వేలాడు పొట్లముల దండలను చూచినచో ఆ నిబంధన మన ఊరి పొలిమేర దాటి లోనికి రాలేదనిపించును. రాగుల సంగతియు ఇట్టిదే. నూరు గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా సున్నము కలదు. తెల్లబియ్యములో అది నామమాత్రము. తాతలు తిన్న సంకటిని పేదవాని తిండియని మనమే పిల్లల ముందు చిన్నచూపు చూచితిమి. ఇపుడు పట్టణములలో అదే ఖరీదైన పథ్యమైనది.

ఆరోగ్యపాఠములో వ్యవసాయ శాఖవారికి కూడ భాగము కలదు. మట్టిలో పనిచేయు పిల్లల పాదముల గుండ కొంకిపురుగు ఒంటిలో చేరి ప్రేగులలో రక్తము పీల్చును. ఎంత తిన్నను రక్తము పట్టదు. నులిపురుగుల మాత్ర ఇచ్చు దినమున బడికి పంపుటయు, చెప్పులు తొడిగించుటయు, మరుగుదొడ్డి వాడుటయు మూడును కలిసిన గాని ఇది తీరదు. పురుగుమందు డబ్బాపై నుండు ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ గుర్తుల అర్థము రైతుబిడ్డకు చెప్పవలెను. ఎరుపు అన్నిటికన్న ప్రమాదకరము. ఉదయము మందు కొట్టి సాయంత్రము వంకాయలు కోయరాదనియు, ఖాళీ డబ్బాలో మంచినీరు పట్టరాదనియు చెప్పవలెను. వ్యవసాయ విస్తరణాధికారి నెలకొకసారి బడికి పోయి ఈ మాటలు చెప్పినచో, రైతు సభలో చెప్పినదానికన్న త్వరగా ఇంటికి చేరును.

2009 విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘములో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండవలెను. సభ్యులలో సగము మంది స్త్రీలు. కనుక పై తూనిక సంగతి, నల్లబల్ల సంగతి అడుగుటకు మీకు పూర్తి అధికారము కలదు. పరీక్షలో కూడ "సమతులాహారమును నిర్వచింపుము" అనుటకు బదులు "ఈ వారము బడిలో పెట్టిన భోజనములో ఏది చాలలేదు? మన ఊరిలో దొరకు దేనితో పూరింతువు?" అని అడుగవలెనని ప్రధానోపాధ్యాయునితో చెప్పుడు.

బడితోటకు ఎకరములు అక్కరలేదు. పిల్లలు చేతులు, కంచములు కడిగిన నీరు పారుచోట సెంటు నేల చాలును. సబ్బునీరు ఎక్కువగా పడుచోట ఆకుకూర వేయక అరటి పెట్టుడు. చిక్కు అంతయు వేసవి సెలవులలోనే. నీరు పోయువారు లేక మడులు ఎండిపోవును, తోట పేరు చెడును. అందుచేత సెలవులకు తట్టుకొను మునగ, కరివేపాకు, నిమ్మ మొదట గట్టున నాటుడు. మునగకు ఒక కొమ్మ పాతిన చాలును. జూన్‌లో బడి తెరచిన వారముననే తోటకూర, గోంగూర చల్లి, దడికి బచ్చలి పాకించుడు. తోటకూర నాలుగు వారములలో కోతకు వచ్చును. మడికి ఒక తరగతి పేరు పెట్టి, కోసిన కూరను ఆ తరగతివారే తూచి వంటసాలకు ఇచ్చునట్లు చూడుడు. విత్తనములు మీ ఇంటి పెరటిలోనివే పిల్లల చేత పంపవచ్చును.