మొనాకోలో సెన్నాను ఎవరూ దోచుకోలేదు

1984 మొనాకో గ్రాండ్ ప్రి మాటెత్తితే చాలు, ఫార్ములా వన్ అభిమానులు ఒకే పాట అందుకుంటారు. కుండపోత వాన. 13వ స్థానం నుంచి బయల్దేరిన కొత్త కుర్రాడు అయర్టన్ సెన్నా, ఓ నాసిరకం టోల్‌మన్ కారుతో ఒక్కొక్కరినీ దాటుకుంటూ అలెన్ ప్రోస్ట్ వెనకాలకి వచ్చేశాడు. ఇంకొక్క ల్యాపు ఉంటే గెలిచేవాడే. సరిగ్గా అప్పుడే ప్రోస్ట్ చెయ్యి ఊపాడు, రేసు అధికారి జాకీ ఇక్స్ ఎర్రజెండా చూపించాడు. ఇక్స్ పోర్షే డ్రైవరు. ప్రోస్ట్ మెక్‌లారెన్‌లో ఉన్నది పోర్షే తయారుచేసిన ఇంజను. ఇంకేం కావాలి?

చాలా కావాలి. ఈ కథలో సెన్నా చూపించిన ప్రతిభ తప్ప మిగతాదేదీ లెక్కకు నిలవదు.

ముందు ఆ నాసిరకం కారు సంగతి. టోల్‌మన్ చిన్న జట్టే, డబ్బు లేని జట్టే. కానీ ఆ టీజీ184 కారు గీసింది రోరీ బర్న్. తర్వాతి కాలంలో షూమాకర్‌కు బెనెటన్‌లోనూ ఫెరారీలోనూ చాంపియన్ కార్లు చేసిపెట్టినాయన. డొక్కు బండి అనడం సెన్నాను పొగడడానికి ఆయన్ని తిట్టడమే.

ఇక 'ఇంకొక్క ల్యాపు'. రేసు మొత్తం 77 ల్యాపులు. వానలో అన్నీ పూర్తికాకపోతే రెండు గంటలకు ఆపేస్తారు. ఫలితానికి లెక్కేసిన 31 ల్యాపులకు పట్టింది గంటా ఒక నిమిషం చిల్లర. అదే వేగంతో రెండు గంటల దాకా నడిపితే మరో 30 ల్యాపులు అయ్యేవి. అంటే జెండా చూపించేసరికి రేసు సగమే అయింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు సగం రేసుకే సెన్నాను విజేతగా కూర్చోబెడుతున్నాం.

అతను ప్రోస్ట్‌ను దాటేవాడా? దాటేవాడే. ఒక దశలో ముప్పై సెకన్లు దాటిన తేడా 31వ ల్యాపు చివరికి ఏడున్నర సెకన్లకు పడిపోయింది. ప్రోస్ట్ బ్రేకులతో తంటాలు పడుతున్నాడు. అంతకు రెండేళ్ల ముందు హాకెన్‌హైమ్‌లో, వానలో కనబడక పిరోనీ అనే డ్రైవరు కారు తన కారును వెనకనుంచి గుద్ది ఎగిరిపడడం, పిరోనీ కాళ్లు నుజ్జవడం కళ్లారా చూసిన మనిషి. అలాంటివాడు నీళ్లలో ప్రాణానికి తెగించి అడ్డుకుంటాడనుకోను. కానీ దాటడం వేరు, గంటసేపు నిలవడం వేరు. ఆరోజే నైజెల్ మాన్సెల్ ప్రోస్ట్‌ను దాటి హాయిగా ముందుకెళ్లాడు. కాసినో వైపు ఎక్కే దారిలో రోడ్డు మీది తెల్లగీత మీద టైరు జారింది, కారు పోయింది. నికీ లౌడా అంతటివాడు కాసినో దగ్గరే గిర్రున తిరిగి ఆగిపోయాడు. బయల్దేరిన 20 మందిలో సగానికి పైగా అప్పటికే ఇంటిదారి పట్టారు. సెన్నా కారు కెర్బుకు తగిలి సస్పెన్షన్ దెబ్బతిందని, చివరిదాకా వచ్చేది అనుమానమేనని టోల్‌మన్ వాళ్లే తర్వాత చెప్పారు.

మరి గీత దగ్గర సెన్నా ముందున్నాడు కదా అంటారు. ఉన్నాడు. ఎర్రజెండా చూసి ప్రోస్ట్ కారు ఆపేస్తుంటే పక్కనుంచి దూసుకెళ్లి, గెలిచాననుకుని చేతులెత్తాడు కూడా. కానీ అప్పట్లో ఎర్రజెండా పడితే అంతకుముందు ల్యాపు చివర ఎవరెక్కడున్నారో అదే ఫలితం. ఈ నిబంధన ఆ పూట ప్రోస్ట్ కోసం పుట్టింది కాదు.

ఇప్పుడు పోర్షే కుట్ర. మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టడమంటే ఇదే. సెన్నా వెనక మూడో స్థానంలో ఉన్నది స్టెఫాన్ బెలోఫ్. ఆ ఏడాది స్పోర్ట్స్‌కార్ల రేసుల్లో అతను ఇక్స్‌తో పాటు పోర్షే ఫ్యాక్టరీ జట్టులోనే ఉన్నాడు, ప్రపంచ చాంపియన్ కూడా అయ్యాడు. ఇక్స్‌కు పోర్షే బంధుప్రీతే ఉంటే వెనకనుంచి దూసుకొస్తున్న సొంత జట్టువాడి దారికి అడ్డం పడతాడా?

అసలు మేలు ఎవరికి జరిగింది? అప్పట్లో నిర్ణీత దూరంలో 75 శాతం పూర్తికాని రేసుకు సగం పాయింట్లే. గెలుపుకు తొమ్మిది రావాల్సిన చోట ప్రోస్ట్‌కు నాలుగున్నర దక్కాయి. రేసు సాగి, సెన్నా చేతిలో ఓడి రెండో స్థానంలో వచ్చి ఉంటే ఆరు వచ్చేవి. ఓడితే ఆరు, ఈ 'కుట్ర'తో గెలిస్తే నాలుగున్నర! ఇలాంటి మేలు చేసే మిత్రుడుంటే ఇక శత్రువులెందుకు? ఏడాది చివర ఎస్తోరిల్‌లో లెక్క తేలేసరికి లౌడాకు 72, ప్రోస్ట్‌కు 71.5. టైటిల్ అరపాయింటుతో పోయింది. ఫార్ములా వన్‌లో అంత చిన్న తేడాతో చాంపియన్‌షిప్ ఇంకెప్పుడూ తేలలేదు.

ఇక్స్ తప్పు లేదా? ఉంది. స్టీవర్డులను సంప్రదించకుండా ఒక్కడే నిర్ణయం తీసుకున్నాడు. అందుకు జరిమానా కట్టాడు, సస్పెండూ అయ్యాడు. అది పద్ధతి తప్పడం, పక్షపాతం కాదు. 1969 లె మాన్స్‌లో డ్రైవర్లంతా రోడ్డు దాటి పరిగెత్తి కార్లలో దూకి బెల్టు కూడా పెట్టుకోకుండా బయల్దేరుతుంటే, ఆ పద్ధతికి నిరసనగా తాపీగా నడిచి వెళ్లి, బెల్టు బిగించుకుని, అందరికన్నా ఆఖర్న కదిలినవాడు ఇక్స్. మొదటి ల్యాపులోనే ఒక డ్రైవరు చనిపోయాడు. చివరికి ఇక్స్ ఆ రేసు గెలిచాడు, అదీ ఒక పోర్షేను వెనక్కి నెట్టి. వానలో ఎర్రజెండా ఎత్తడానికి అలాంటి మనిషికి ఎవరి సిఫార్సు కావాలి?

నిలదీయాలనుకుంటే రేసు మొదలుపెట్టిన తీరును నిలదీయాలి. ముప్పావుగంట ఆలస్యంగా మొదలెట్టారు. సొరంగంలో రోడ్డు పొడిగా ఉంది, అది ప్రమాదమని లౌడా చెబితే, నీళ్ల ట్యాంకరు తెప్పించి సొరంగాన్ని తడిపారు. బయట ఆకాశం కుమ్మరిస్తుంటే లోపల ట్యాంకరు! అయినా మొదటి మలుపు దగ్గరే రెండు రెనో కార్లు ఢీకొని పాట్రిక్ తాంబే కాలు విరిగింది. దీని మీద ఎవరికీ కోపం రాదు.

ఎందుకంటే ఈ కథ 1984తో ఆగింది కాదు. 1989 సుజుకాలో సెన్నా, ప్రోస్ట్ ఢీకొట్టుకున్నాక, ఆ పగను వెనక్కి తీసుకెళ్లి మొనాకోకూ అంటించారు. మొనాకో నాటికి సెన్నా వచ్చి ఆరు రేసులు, అందులో ఒకదానికి అర్హతే సాధించలేదు. అతని మీద కుట్ర పన్నాల్సిన అవసరం ఎవరికుంది?

ఈ గోలలో మాయమైనవాడు బెలోఫ్. టిరెల్ కారుతో గ్రిడ్‌లో ఆఖరివాడు, 20వ స్థానం. చుట్టూ అన్నీ టర్బోలే, అతనొక్కడిదే మామూలు కాస్వర్త్ ఇంజను. ఆపేసరికి సెన్నాకు 14 సెకన్ల లోపు దూరంలో ఉన్నాడు. ఈ రోజు ఫలితాల పట్టిక తీస్తే మూడో స్థానంలో రెనె ఆర్నూ పేరుంటుంది. డెట్రాయిట్ రేసు తర్వాత టిరెల్ కార్ల నీళ్ల ట్యాంకులో బరువు పెంచే సీసపు గుళ్లు బయటపడి, ఆ జట్టు ఏడాది ఫలితాలన్నీ కొట్టేశారు. మొనాకోలో బెలోఫ్ అందరినీ దాటి గెలిచి ఉన్నా ఆ గెలుపూ పోయేదే. దోపిడీ అన్న మాట వాడి తీరాలనుకునేవాళ్లు అతనితో మొదలుపెట్టాలి. అక్కడ కూడా టిరెల్ బరువు లెక్క ముందు తేల్చుకోవాలి.