టమాటా పచ్చడి ఇక్కడే పెట్టుకుందాం

శివరాత్రి దాటిందంటే చాలు, బెంగళూరులో మన తెలుగిళ్లకు పార్శిళ్లు మొదలవుతాయి. విజయవాడలోనో గుంటూరులోనో రాత్రి బస్సెక్కి, పొద్దున్నే మడివాళలోనో మారతహళ్లిలోనో దిగే అట్టపెట్టెలు. విప్పి చూస్తే పాత చీర ముక్కలో చుట్టిన హార్లిక్స్ సీసా, మూత చుట్టూ ప్లాస్టర్, అయినా ఓ పక్కన కారిన నూనె. లోపల టమాటా పచ్చడి. ఆ వాసనకి ఎవరికి నోరూరదు చెప్పండి? మాకూ ఊరుతుంది. ఊరుతుంది కాబట్టే ఈ మాట అంటున్నాం. ఈ పార్శిళ్లు ఇక ఆపేద్దాం, కనీసం టమాటా పచ్చడి వరకైనా.

ఆవకాయ సంగతి వేరు, ఒప్పుకుంటాం. ఆ కాయ ఇక్కడ సరైనది దొరకదు, దొరికినా మనసొప్పదు. గోంగూర కూడా అంతే, మన నేలలో పండిన పులుపు వేరు. కానీ టమాటాకి ఆ సాకు లేదు. కోలారు మనకి డెబ్భై కిలోమీటర్లు. మదనపల్లె మూడు గంటల దారి. దక్షిణాదిన పేరున్న టమాటా మార్కెట్లు రెండూ మన తలాపునే ఉన్నాయి. వేసవిలో కోస్తా జిల్లాల్లో ఎండలకి చేలు మాడినప్పుడు అక్కడి బజార్లకి కూడా మదనపల్లె, ములకలచెరువు, గుర్రంకొండ వైపు నుంచే టమాటా లారీలు వెళ్తాయి. అంటే ఏమయిందన్నమాట? మన పక్కన పండిన కాయ బెజవాడ దాకా వెళ్లి, అక్కడ ఓ పెద్దావిడ చేతిలో పచ్చడై, రాత్రి బస్సెక్కి మళ్లీ మన పక్కకే వస్తోంది. దాన్ని మనం 'ఊరి రుచి' అంటున్నాం!

ఇంకో సంగతి. కోలారు జిల్లాలో ముళబాగిలు, శ్రీనివాసపుర వైపు, పక్కన చింతామణి, బాగేపల్లి వైపు ఇళ్లల్లో మాట్లాడేది చాలా వరకు తెలుగే. మనం కన్నడంలో బేరం మొదలుపెడితే టమాటా బుట్ట దించిన రైతు తెలుగులో జవాబు చెప్పడం మాకు చాలాసార్లు అనుభవమే. కాబట్టి ఇక్కడి టమాటా పరాయిదన్న మాట మాకు ఎక్కదు. పరాయిదనాలంటే టమాటా అందరికీ పరాయిదే. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ల ఓడల్లో వచ్చింది కాబట్టే మన పాతవాళ్లు 'రామములగ' అని కొత్త పేరు పెట్టుకున్నారు. ఇప్పటికీ చాలా ఇళ్లల్లో తద్దినం వంటలోకి దాన్ని రానివ్వరు. అలాంటి వలసకాయని మన పచ్చడి చేసుకున్నది మన ఉప్పూ, చింతపండూ, మిరపకాయా. అవి మూడూ బెంగళూరులో ఏ సందు చివరి కొట్టులోనైనా ఉన్నాయి.

అసలు మా బాధ దూరం గురించి కాదు. ఆ సీసా వెనకాల ఎవరున్నారో ఒక్కసారి ఆలోచించండి. చాలా ఇళ్లల్లో అరవై ఐదో డెబ్భయ్యో దాటిన అమ్మ, అత్తయ్య, లేదంటే పెద్దమ్మ. మోకాళ్ల నొప్పులతో మేడ మెట్లెక్కి ముక్కలు ఎండబెట్టి, కాకుల్ని తోలి, మబ్బేస్తే పరుగున దించి, మళ్లీ ఎక్కించి. అదీ ఒక ఇంటికి కాదు. బెంగళూరు కొడుక్కి ఒకటి, హైదరాబాదు కూతురికి ఒకటి, అమెరికా వాళ్లకి వాక్యూమ్ ప్యాకింగ్ చేయించి మరొకటి. "నాకు ఇదే సంతోషం రా" అంటుంది. అంటుంది, నిజమే. అలా అందని మనం పదేళ్లుగా ఊరుకుంటున్నాం. ప్రేమ పేరుతో ఆ చాకిరీ ఆవిడకే వదిలేశాం. మన పిల్లలకేమో పచ్చడి అనేది అట్టపెట్టెలో పుడుతుందని తెలుసు గానీ, ముక్క ఎప్పుడు ఎండిందో వేలితో నొక్కి చూడటం తెలియదు. ఆవిడ చేతి లెక్క ఎక్కడా రాసి లేదు. ఆవిడ తర్వాత ఏం చేస్తాం? ఆన్‌లైన్లో కొనుక్కుంటాం. కొనుక్కోవచ్చు, తప్పని కాదు. కానీ ఇల్లు ఉండి, మేడ ఉండి, ఎండ ఉండి, పక్కనే టమాటా ఉండి కొనుక్కోవడం ఎందుకన్నదే మా ప్రశ్న.

"బెంగళూరులో ఎండెక్కడిది?" అని అడుగుతారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో చూడండి. తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న ఊరు, గాలిలో తడి తక్కువ. ఒళ్లు మాడిపోయే వేడి లేకపోయినా, ముక్క ఎండటానికి కావలసిన పొడి గాలి ఉంటుంది. చెప్పాలంటే, చెమటలు కారే సముద్రపు గాలి కంటే ఇదే నయం. ఏప్రిల్లో మామిడి జల్లులు పడేలోపు పని ముగించాలి, అంతే. అపార్ట్‌మెంట్ వాళ్లకి మేడ తాళం ఒక సమస్య. సెక్యూరిటీని అడగండి, అసోసియేషన్‌కి ఒక మాట చెప్పండి. సోలార్ హీటర్ల మధ్య రెండు స్టీలు పళ్లేలు పట్టే చోటు లేని మేడ బెంగళూరులో ఇంతవరకు మాకు కనిపించలేదు.

ఇక కాయ. ఇక్కడి బండ్ల మీద రెండు రకాలు విడివిడిగా ఉంటాయి, ధర కూడా వేరు. ఒకటి 'నాటి', రెండోది హైబ్రిడ్. నాటి టమాటా గీతలు గీతలుగా, పల్చటి తోలుతో, బాగా పుల్లగా ఉంటుంది. నొక్కితే రసం. హైబ్రిడ్ కోలగా, గట్టిగా, కండతో, నాలుగు రోజులైనా చెక్కు చెదరకుండా ఉంటుంది. లారీలో దూరం పోవాలి, తెగుళ్లకి తట్టుకోవాలి, రైతుకి అది బతుకు సమస్య. మన హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ 'అర్క రక్షక్' తెచ్చింది కూడా మూడు తెగుళ్లని ఒకేసారి తట్టుకోవడానికే. కాబట్టి హైబ్రిడ్‌ని తిట్టడం మాకు ఇష్టం లేదు. రసానికీ, చారుకీ నాటి. నిల్వ పచ్చడికి రెండూ కలిపితే బాగుంటుందని మా ఇంటి లెక్క. రెండు పాళ్లు కండ ఉన్న హైబ్రిడ్, ఒక పాలు నాటి. కండ దీనిది, పులుపు దానిది. పచ్చి మచ్చ లేకుండా ఎర్రగా పండి, ఇంకా గట్టిగా ఉన్న కాయే తీసుకోండి. ముప్పావు ధరకి ఇస్తాడని మెత్తబడినవి తెస్తే పచ్చడి మాట మర్చిపోండి.

మూడు కిలోల టమాటాకి రాళ్ల ఉప్పు పావుకిలో, గింజ తీసిన చింతపండు పావుకిలో, కారం పావుకిలో. మూడూ సమం, గుర్తు పెట్టుకోవడం తేలిక. వేయించి కొట్టిన మెంతిపొడి రెండు చెంచాలు, పసుపు ఒక చెంచా. కాయలు కడిగి, ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టాలి. ఈ తుడవడం పిల్లలకి అప్పగించండి, చక్కగా చేస్తారు. ముక్కలు కోసి ఉప్పూ పసుపూ కలిపి జాడీలో వేసి మూత పెట్టేయడం, రోజుకొకసారి పొడి గరిటెతో కలపడం. రెండు రోజులకి ముక్కలు సగమై, పైన ఊట తేలుతుంది. మూడో రోజు ముక్కల్ని పిండి పళ్లెంలో ఎండకి పెట్టాలి. ఊటని పారబొయ్యొద్దు, ప్రాణమంతా అందులోనే. దాన్నీ గిన్నెలో పోసి ఎండలో పెట్టి, అందులోనే చింతపండు నానెయ్యాలి. నీళ్లలో నానెయ్యకూడదు. ఒక్క చుక్క మంచినీళ్లు తగిలినా నెలకి బూజు కనిపిస్తుంది.

ముక్క ఎప్పుడు ఎండినట్టు? పట్టుకుంటే తడి అంటకూడదు, వంచితే విరక్కూడదు. తోలులా సాగాలి. గలగలలాడేలా ఎండితే వరుగులవుతాయి, పచ్చడి పీచుగా వస్తుంది. మామూలుగా రెండు ఎండలు, మబ్బుంటే మూడు. తర్వాత ముక్కలు, ఊటలో నానిన చింతపండు కలిపి రోట్లో దంచడం. రోలు లేకపోతే మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. మెత్తని పేస్టు చేశారా, అది సాస్. పంటికి ముక్క తగలాలి. కారం, మెంతిపొడి కలిపి జాడీకెత్తడమే. తిరగమోత మొత్తానికీ ఒకేసారి పెట్టేయడం మాకు నచ్చదు. వారానికి సరిపడా తీసి, నువ్వులనూనెలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, దంచిన వెల్లుల్లి వేసి, చల్లారాక కలుపుకుంటే ప్రతి వారం కొత్త పచ్చడే. జాడీలో మిగిలిన దాని మీద మాత్రం నూనె తేలుతూ ఉండాలి.

ఇందులో ఏదీ ఊరికే వెయ్యలేదు. ఉప్పు ముక్కలోని నీళ్లు లాగేస్తుంది. నూనె గాలిని ఆపుతుంది. చింతపండు రుచికే కాదు, కాపలాకి కూడా. టమాటా మనం అనుకునేంత పుల్లనిది కాదు. బాగా పండిన కాయలో పులుపు ఒక్కోసారి నిల్వకి చాలనంత తక్కువగా ఉంటుంది. అందుకే "మాకు పులుపు పడదండీ" అని చింతపండు సగం చేసి, "బీపీ ఉందండీ" అని ఉప్పు సగం చేసి, ఆపైన జాడీని ఆరు నెలలు బయట ఉంచుతామంటే కుదరదు. అలా చెయ్యాలనుకుంటే టమాటా మగ్గబెట్టి రోటిపచ్చడి చేసుకోండి. ఫ్రిజ్‌లో పెట్టుకుని వారంలో తినెయ్యండి. దానిదీ గొప్ప రుచే, కానీ అది వేరే వంట.

బీపీ మాట వచ్చింది కాబట్టి లెక్క చెప్పుకుందాం. ఈ కొలతకి ఒక చిన్న చెంచాడు పచ్చడిలో దాదాపు రెండు గ్రాముల ఉప్పు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికీ చెప్పేది ఐదు గ్రాముల లోపు. తగ్గించాల్సింది జాడీలో ఉప్పు కాదు, కంచంలో పచ్చడి.

కారం విషయంలోనూ మా పట్టు ఇదే. బెంగళూరు వచ్చిన మనవాళ్లు మెల్లగా కారం తగ్గించి, బెల్లం ముక్క చేర్చి, చివరికి గుంటూరు మిర్చి బదులు మొత్తం బ్యాడిగ మిర్చే వేసేస్తున్నారు. రంగు ఎర్రగా నిగనిగలాడుతుంది, నోట్లో పెట్టుకుంటే ఏమీ ఉండదు. బ్యాడిగని తక్కువ చెయ్యడం లేదు, హావేరి వాళ్ల మిరప అది, రంగుకి దాన్ని మించింది లేదు. మన వరంగల్ వైపు కూడా పచ్చళ్లలో రంగు కోసం చపాటా మిర్చి కలుపుతారు కదా. కాబట్టి మూడు పాళ్లు గుంటూరు, ఒక పాలు బ్యాడిగ అయితే ఎవరికీ అభ్యంతరం ఉండక్కర్లేదు. మొత్తం మార్చేస్తే మాత్రం దానికి టమాటా పచ్చడి అన్న పేరు వద్దు.

"పిల్లలు తినలేరు" అనేది అసలు వడ్డనలో సమస్య. పళ్లెం అంచున బొట్టులా పెట్టి, పక్కన మంచినీళ్ల గ్లాసు పెడితే ఎవరు తింటారు? మిరప ఘాటు నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. నీళ్లు తాగితే మంట నోరంతా పాకుతుంది. మన పెద్దవాళ్లు సైన్సు చదవకుండానే నెయ్యి వేశారు, చివర్న పెరుగు పెట్టారు. వేడి అన్నంలో ముద్దపప్పు, దాని మీద చెంచాడు పచ్చడి, రెండు చెంచాల నెయ్యి, చేత్తో బాగా కలిపి మొదటి ముద్ద పిల్లాడి చేతిలో పెట్టండి. మొదటి ఏడాది పప్పు ఎక్కువ, పచ్చడి తక్కువ. మూడో ఏడాదికి వాడే అడుగుతాడు. రెసిడెన్సీ రోడ్డులో ఆంధ్రా భోజనం హోటళ్ల ముందు ఆదివారం వరసలో నిలబడేది మన వాళ్లొక్కరే కాదు కదా. కన్నడిగులు, తమిళులు, ఉత్తరాది పిల్లలు, అందరూ పొడీ పచ్చడీ నెయ్యీ కలుపుకుని కళ్లు తుడుచుకుంటూ తింటున్నారు. మన పిల్లలకే ఎందుకీ భయం?

అన్నం ఒక్కటే అని కూడా కాదు. రాగి సంగటిలో గుంట చేసి పచ్చడీ నూనె వేసుకుంటే రాయలసీమ గుర్తొస్తుంది. మా పక్కింటి అజ్జి అక్కి రొట్టెతో తింటారు, "నిమ్మ ఉప్పినకాయి బందిదెయా?" అని ఏటా మార్చిలో అడుగుతారు. ఆవిడకి మన ఊరి పేరు తెలియదు. ఆవిడ దృష్టిలో ఇది బెంగళూరు పచ్చడే.

డబ్బు లెక్క కూడా చిన్నదేం కాదు. 2023 జూలైలో బెంగళూరులో కిలో టమాటా వంద దాటి ఎక్కడికో పోయింది. చారులో టమాటా బదులు చింతపండే గతి అని అందరూ గోల పెట్టారు. మరో ఏడాది ఇదే కోలారు రైతు, కోత కూలి కూడా రాక పండిన కాయని రోడ్డు పక్కన పారబోస్తాడు. ఆ ఫొటో పేపర్లో చూసి "అయ్యో" అంటాం. కాయ చౌకగా ఉన్న నెలలో ఇంటికి ఆరు కిలోలు అదనంగా కొంటే రైతు కష్టం తీరదు, మాకు తెలుసు. కానీ ఖరీదైన నెలల్లో మన జాడీ మనకుంటుంది. నిల్వ పచ్చడి పుట్టిందే ఆ పని కోసం.

ఈసారి మా ఇంట్లో అత్తయ్యని ఊరి నుంచి రమ్మన్నాం, సీసా లేకుండా, ఉత్త చేతుల్తో. కుర్చీ వేసి కూర్చోబెడతాం, ఆవిడ చెప్తుంటే మేం చేస్తాం. ఉప్పు వేసేది మనవడు, మేడ మెట్లెక్కేది వాళ్ల నాన్న. ఆవిడ గుప్పెడు అన్నప్పుడల్లా ఆ గుప్పెడు కాటాలో తూచి గ్రాముల్లో రాసుకుంటాం. శివరాత్రి తర్వాత వచ్చే మొదటి శనివారం. మీలో రాదలచుకున్నవాళ్లు మీ టమాటాలు మీరే తెచ్చుకోండి, తుడిచి మరీ. జాడీలు, ఉప్పు మావి.