గెడలో ఎరుపు... ఎవరి పని?

ఏటికొప్పాక అంటే అందరికీ లక్క బొమ్మలే గుర్తొస్తాయి. కానీ ఆ ఊరున్న అనకాపల్లి జిల్లా ఎలమంచిలి మండలంలో చెరకూ పాత పంటే. తోటలో పైనుంచి మూడో ఆకో నాలుగో ఆకో పసుపుబారి ఎండుతోందంటే రైతు గుండె గుభేలుమంటుంది. అనుమానంతో గెడను నిలువునా చీలిస్తే... లోపలంతా ఎరుపు, మధ్యమధ్యలో అడ్డంగా తెల్లమచ్చలు, గుప్పున పులిసిన వాసన. ఎర్రకుళ్లు తెగులు!

ఆ ఎరుపు తెగులుదేనని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో చాలావరకు చెరకు సొంత ఆయుధం.

తెగులును తెచ్చేది ‘కొల్లెటోట్రైకమ్ ఫాల్కేటమ్’ అనే శిలీంద్రం. కంటికి కనిపించని దాని బీజం గెడమీద తడి తగలగానే మొలకెత్తుతుంది. మొలక కొసన నల్లటి చిన్న బిళ్లలాంటిది తయారై గట్టిగా అతుక్కుంటుంది. దాని అడుగునుంచి సన్నటి మేకులాంటి పోగు కణకవచాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది. మొదట్లో కణాన్ని చంపదు, దొంగలా నక్కి ఉంటుంది. అసలు విధ్వంసం ఆ తర్వాత.

మరి చెరకు చూస్తూ ఊరుకుంటుందా? శిలీంద్రం పైపొరలోని ‘కైటిన్’ తునకల్ని కణం పసిగడుతుంది. విషంలా పనిచేసే ఎర్రటి రసాయనాలు తయారుచేస్తుంది. చెరకుకు దగ్గరి చుట్టమైన జొన్నలో ఈ పోరాటాన్ని అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు కళ్లారా చూసి 1990లో ప్రకటించారు. ఎర్రరంగు నిండిన బుడగలు శత్రువు దిగుతున్న చోటికే కదిలివెళ్లి అక్కడ పగిలిపోతాయట! శిలీంద్రంతోపాటు ఆ కణమూ చచ్చిపోతుంది. పక్క కణాలు బతుకుతాయి.

తెగులును తట్టుకునే చెరకు రకాల్లో ఈ ఎరుపు త్వరగా పుట్టి దెబ్బ తగిలిన చోటే ఆగుతుంది. తట్టుకోలేనివాటిలో ఆలస్యంగా వస్తుంది. అప్పటికే శిలీంద్రం కణుపులు దాటేసి ఉంటుంది. అంతేనా... అది వదిలే ఎంజైము పంచదారను విడగొట్టేస్తుంది. ఆ రసాన్ని ఎంత కాచినా బెల్లం సరిగా గట్టిపడదు. పైగా తెగులున్న గెడనుంచి ముచ్చెలు కొట్టి నాటితే శత్రువును విత్తనంతోపాటే పొలానికి మోసుకెళ్లినట్టు!

గోదావరి డెల్టాలో ఈ తెగులును 1901లోనే గుర్తించారు. 1913లో మొదలైన అనకాపల్లి పరిశోధన కేంద్రంలో కొత్త రకాలకు ఓ కఠిన పరీక్ష ఉంది. గెడకు రంధ్రం చేసి, శిలీంద్ర బీజాలున్న నీటిని పోసి, మట్టితో మూసేస్తారు. 60 రోజుల తర్వాత చీల్చి చూస్తారు, ఎరుపు ఎన్ని కణుపులు దాటిందోనని.