పది, పడి

పోయిన నెల ఫ్రెండ్స్‌తో పుష్పగిరి వెళ్ళా. వల్లూరులో ఉన్న మా అవ్వకు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మెసేజ్ కొట్టా: "పెన్నలో పది నిమిషాలు ఉంటాం, తర్వాత వస్తా." అవ్వకు ఇంగ్లీషు రాదు. పక్కింటి నాలుగో తరగతి పిల్లోడు చదివి పెట్టాడు. పీ, ఏ, డీ, ఐ వాడికి 'పడి' అయ్యింది. "పెన్నలో పడి" దాకా విన్న అవ్వ ఇంక మిగతాది వినలేదు.

తొమ్మిది మిస్డ్ కాల్స్! ఇంటికి పోతే గడప దగ్గరే నిలబడి ఉంది, కళ్ళు ఎర్రగా. ముందు చేతులు, తల తడిమి చూసింది. ఆ తర్వాత మొదలుపెట్టింది.

"నాకు తెలుగు చదవను వస్తాది గదరా! తెలుగులో రాసి ఏడ్చొచ్చు గదా!"

మొదట నవ్వొచ్చింది. ఆమె చేతులు ఇంకా వణుకుతుండటం చూశాక రాలేదు.

యూనికోడ్‌లో 'డ' నంబరు 3105, 'ద' నంబరు 3110. మెషీన్‌కు ఆ తేడా తెలుసు. సీఎస్ఈ చదివే నేను మాత్రం రెండింటినీ ఒక్క 'డీ'లో కుక్కేశా. ట-త, ళ-ల గతీ అంతే. ఇట్లయితే ఫాస్ట్‌గా కొట్టొచ్చు అంటారు మనవాళ్ళు (నేనూ అన్నా). ఆ స్పీడు కొట్టేవాడికే, చదివేవాళ్ళకు ప్రతి పదం ఒక పజిల్. మనలో మనం ఎట్లైనా రాసుకుందాం, ఇంట్లో పెద్దోళ్ళకు మాత్రం తెలుగు లిపిలోనే పంపాలంటాను. ఇంగ్లీష్ మీడియం అనే సాకు నేనూ చాలా ఏళ్ళు వాడా.

మొన్న మొదటిసారి పంపా: "బస్సు ఎక్కినా అవ్వా, బోజనం పెట్టు." నాలుగు నిమిషాలు పట్టింది. వెంటనే ఫోన్.

"బోజనం ఏందిరా? ఒత్తు పెట్టు, అన్నం పెడతా."